మోడెమ్‌తో కమాండ్ లైన్ నుంచి ఎస్‌ఎంఎస్ పంపడం: మొదటి ఓకే నుంచి తెలుగు మెసేజ్ దాకా

"డాంగిల్ గుచ్చాను, ఏటీ అని కొడితే ఓకే అంటోంది, మెసేజ్ మాత్రం పోవడం లేదు. ఏం చేయాలి?" ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. డాంగిల్ అంటే సిమ్ వేసి యూఎస్‌బీలో గుచ్చే చిన్న మోడెమ్. ఏటీ అంటే మోడెమ్‌కు ఇచ్చే కమాండ్ల మొదటి మాట. వాళ్ళతో కూర్చుని చూస్తే, తప్పు దాదాపు ఎప్పుడూ మెసేజ్ పంపే కమాండ్‌లో ఉండదు. అంతకు ముందున్న మెట్లలో ఏదో ఒకటి చూడకుండా దాటేసి ఉంటారు. అందుకే ఇక్కడ వరస చాలా ముఖ్యం. ఒక మెట్టు సరిగా పడ్డాకే తర్వాతి దానికి వెళ్ళండి.

నేను దీన్ని మా పొలం దగ్గర మోటారు షెడ్డులో వాడుతున్నాను. త్రీఫేజ్ కరెంటు రాగానే అక్కడున్న రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ నాన్న ఫోన్‌కు తెలుగులో మెసేజ్ పంపుతుంది. అక్కడ ఇంటర్నెట్ నిలబడదు, నాన్నది బటన్ల ఫోను. అలాంటి చోట ఎస్‌ఎంఎస్‌ను మించింది నాకు దొరకలేదు. కింద చెప్పేదంతా రాస్ప్‌బెర్రీ పైకి, ఉబుంటు, డెబియన్ అనే లైనక్స్ రకాలకు సరిపోతుంది.

ముందుగా ఒక్క మాట. కమాండ్లన్నీ తెలుగు లిపిలోనే రాశాను. మీరు కీబోర్డు మీద ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి. ఏటీ, సీఎంజీఎఫ్ లాంటివి విడి అక్షరాలు. సెండ్, ఐడెంటిఫై లాంటివి మామూలు ఇంగ్లిష్ మాటలు. మోడెమ్‌కు ఇచ్చే ఏటీ కమాండ్లు పెద్ద అక్షరాల్లో, లైనక్స్ కమాండ్లు చిన్న అక్షరాల్లో కొట్టండి. తేడా ఉన్న చోట చెబుతాను. గుర్తులు, అంకెలు ఉన్నవి ఉన్నట్టే. "+91నంబరు" అని ఉన్న చోట +91 తర్వాత ఖాళీ లేకుండా పది అంకెలు రాయాలి.

1. మోడెమ్, సిమ్ ఎంచుకోవడం

సగం కష్టాలు ఇక్కడే మొదలవుతాయి. కొనే ముందే ఇది చదవండి.

యూఎస్‌బీ డాంగిళ్ళు రెండు రకాలు. మొదటి రకం, స్టిక్, కంప్యూటర్‌కు సీరియల్ పోర్టులుగా, అంటే కమాండ్లు పంపి జవాబులు అందుకునే దారులుగా, కనిపిస్తుంది. మనకు కావలసింది ఇదే. రెండో రకం నెట్‌వర్క్ కార్డులా కనిపించి, బ్రౌజర్లో ఒక పేజీ తెరుస్తుంది. హువావే వాళ్ళ హైలింక్ డాంగిళ్ళు ఇలాంటివే. వాటి పేజీ మామూలుగా 192.168.8.1 దగ్గర ఉంటుంది. ఈ రకం మీద ఏటీ కమాండ్లు నేరుగా నడవవు. అమ్మేవాణ్ణి "హైలింకా, స్టిక్కా?" అని తప్పకుండా అడగండి. ఒకే మోడల్ పేరుతో రెండు రకాలూ అమ్ముతారు.

డాంగిల్ కాకుండా చిన్న బోర్డు కావాలంటే సిమ్800ఎల్ చవకగా దొరుకుతుంది. కానీ అది 2జీ మాత్రమే. 4జీ కావాలంటే సిమ్7600, క్వెక్‌టెల్ ఈసీ25 లాంటివి చూడండి.

సిమ్ విషయంలో మన దేశంలో గుర్తుంచుకోవలసింది ఇది. జియోకు 2జీ, 3జీ లేవు. అందులో ఎస్‌ఎంఎస్ కూడా 4జీ మీద ఐఎంఎస్ అనే దారిలోనే పోవాలి. చాలా డాంగిళ్ళకు ఆ దారి తెలియదు. డేటా చక్కగా నడుస్తుంది, ఎస్‌ఎంఎస్ మాత్రం పోదు. 2జీ ఉన్న ఎయిర్‌టెల్, వీ, బీఎస్‌ఎన్‌ఎల్ సిమ్‌లతో ఈ ఇబ్బంది తక్కువ. అయితే మీ చోట ఏ నెట్‌వర్క్ 2జీ సిగ్నల్ బాగుందో ముందు ఫోన్‌తో చూసుకోండి.

అమెరికాలో ఉండి ఇది చేయాలనుకునేవాళ్ళు పాత 2జీ, 3జీ మోడెమ్‌లు కొనకండి. అక్కడి పెద్ద నెట్‌వర్కులు 3జీని 2022లో మూసేశాయి. మీ నెట్‌వర్క్ ఒప్పుకునే 4జీ మాడ్యూలే తీసుకోవాలి.

సిమ్800ఎల్ వాడేవాళ్ళకు కరెంటు గురించి గట్టిగా చెప్పాలి. అది 3.4 నుంచి 4.4 వోల్టుల మధ్య నడుస్తుంది. నేరుగా 5 వోల్టులు ఇస్తే పాడవుతుంది. నెట్‌వర్క్‌తో మాట్లాడే క్షణంలో 2 ఆంపియర్ల దాకా లాగుతుంది. ఆర్డుయినో బోర్డు పిన్ను నుంచో, సన్నని వైర్లతోనో ఇస్తే, సరిగ్గా మెసేజ్ పంపే క్షణంలో బోర్డు రీసెట్ అవుతుంది. వేరే సప్లై పెట్టి, బోర్డు పక్కనే 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి వేయండి. దాని మీది లైటు సెకనుకొకసారి మెరిస్తే నెట్‌వర్క్ వెతుకుతోందని, మూడు సెకన్లకొకసారి మెరిస్తే దొరికిందని అర్థం.

కొనే ముందు చూసుకోండి:
- డాంగిల్ సీరియల్ పోర్టు ఇచ్చే రకమేనా?
- మోడెమ్ ఏ తరంది (2జీ, 3జీ, 4జీ)? మీ సిమ్ కంపెనీకి ఆ తరం ఉందా?
- సిమ్ సైజు మోడెమ్ గాడికి సరిపోతుందా?
- డాంగిల్‌ను దూరంగా పెట్టడానికి యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ వైరు ఉందా?

2. సిమ్‌ను ముందు ఫోన్లో పరీక్షించండి

దీన్ని ఎవరూ చేయరు. చేస్తే మాత్రం గంటలు మిగులుతాయి.

సిమ్‌ను మామూలు ఫోన్లో వేసి, ఎవరికైనా ఒక ఎస్‌ఎంఎస్ పంపండి. అక్కడ పోకపోతే మోడెమ్‌లోనూ పోదు. రీఛార్జ్ గడువు అయిపోవడం, ప్లాన్‌లో ఎస్‌ఎంఎస్ లేకపోవడం తరచుగా కనిపించే కారణాలు. తక్కువ ధర ప్లాన్లలో డేటా, కాల్స్ ఉండి ఎస్‌ఎంఎస్ లేనివి ఉంటాయి. ప్లాన్ వివరాలు పూర్తిగా చదవండి.

ఫోన్లో ఉండగానే సిమ్ పిన్ లాక్ తీసేయండి. పిన్ మూడుసార్లు తప్పు కొడితే సిమ్ పీయూకే అనే అన్‌లాక్ కోడ్ అడుగుతుంది. ఆ పీయూకే కూడా పదిసార్లు తప్పితే సిమ్ ఇక పనికిరాదు. స్క్రిప్టు (కమాండ్లను వరసగా నడిపే ఫైలు) మన కళ్ళ ముందు లేనప్పుడు పదేపదే తప్పు పిన్ కొడితే ఎంత నష్టమో ఆలోచించండి.

సిమ్‌లో పాత మెసేజ్‌లు ఉంటే చెరిపేయండి.

3. లైనక్స్‌కు మోడెమ్ కనిపిస్తోందా?

కావలసిన ప్రోగ్రాములు ముందు వేసుకోండి. పికోకామ్ మోడెమ్‌తో నేరుగా మాట్లాడటానికి, గామ్యు తర్వాత రోజూ మెసేజ్‌లు పంపడానికి:

సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ పికోకామ్ గామ్యు

పికోకామ్‌లో మొదట పీఐ, తర్వాత సీఓ, చివర సీఓఎం వస్తాయి. గామ్యు అంటే జీ, ఏ, రెండు ఎంలు, యు.

ఇప్పుడు డాంగిల్ గుచ్చి, పది సెకన్లు ఆగి చూడండి:

ఎల్‌ఎస్‌యూఎస్‌బీ
ఎల్‌ఎస్ /డెవ్/టీటీవైయూఎస్‌బీ*

రెండో కమాండ్‌లో డెవ్, టీటీవై చిన్న అక్షరాలు, యూఎస్‌బీ పెద్ద అక్షరాలు. జవాబుగా చివర 0, 1, 2 ఉన్న పోర్టులు కనిపించాలి. కొన్ని మోడెమ్‌లకు టీటీవైఏసీఎం0 అని వస్తుంది.

మొదటి కమాండ్‌లో డాంగిల్ కనిపించి, పోర్టులు మాత్రం లేకపోతే అది ఇంకా పెన్‌డ్రైవ్ వేషంలోనే ఉంది. చాలా డాంగిళ్ళు మొదట తమ విండోస్ డ్రైవర్ ఉన్న సీడీలా కనిపిస్తాయి. యూఎస్‌బీ-మోడ్‌స్విచ్ అనే ప్యాకేజీ వేసి, డాంగిల్ తీసి మళ్ళీ పెట్టండి. ఎక్కువ మోడళ్ళు దాంతో మోడెమ్‌గా మారతాయి.

డాంగిల్ ఎక్కడా కనిపించకపోతే వైరు, పోర్టు, కరెంటు చూడండి. రాస్ప్‌బెర్రీ పైకి మంచి అడాప్టర్ లేకపోతే డాంగిల్ వస్తూ పోతూ ఉంటుంది. విడిగా కరెంటు ఇచ్చే యూఎస్‌బీ హబ్ పెడితే చాలాసార్లు సరిపోతుంది.

తర్వాత రెండు అడ్డంకులు తీయాలి.

మొదటిది అనుమతి. "పర్మిషన్ డినైడ్" అని వస్తే మీ యూజర్‌ను డయలౌట్ గ్రూపులో చేర్చండి:

సుడో యూజర్‌మాడ్ -ఏజీ డయలౌట్ మీ-యూజర్-పేరు

ఇందులో ఏ చిన్నది, జీ పెద్దది. చేర్చాక లాగౌట్ చేసి మళ్ళీ లాగిన్ అవ్వాలి. ఇది మరచిపోయి, "చేర్చాను, అయినా అదే ఎర్రర్" అనేవాళ్ళు చాలామంది.

రెండోది మోడెమ్‌మేనేజర్. డెస్క్‌టాప్ ఉబుంటులో ఇది వెనక నడుస్తూ, కొత్త మోడెమ్ కనపడగానే పోర్టును పట్టుకుంటుంది. మీరు కొట్టిన కమాండ్‌కు జవాబు రాకపోవడం, సంబంధం లేని అక్షరాలు రావడం దీని పనే. డాంగిల్‌ను ఇంటర్నెట్‌కు వాడనట్లయితే ఆపేయండి:

సుడో సిస్టమ్‌సీటీఎల్ డిసేబుల్ --నౌ మోడెమ్‌మేనేజర్

మోడెమ్‌మేనేజర్‌లో రెండు ఎంలూ పెద్దవి. ఇదే డాంగిల్‌తో ఇంటర్నెట్ కూడా కావాలంటే మాత్రం దాన్ని ఆపకండి. అప్పుడు 8వ మెట్టు చివర చెప్పిన దారిలో వెళ్ళండి.

4. సరైన పోర్టు పట్టుకోవడం

ఒకే డాంగిల్ మూడు నాలుగు పోర్టులు చూపిస్తుంది. అన్నీ ఏటీ కమాండ్లకు పలకవు. 0 నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటి చూడాలి:

పికోకామ్ -బీ 115200 /డెవ్/టీటీవైయూఎస్‌బీ0

తెరుచుకున్నాక ఏటీ అని కొట్టి ఎంటర్ నొక్కండి. ఓకే అని వస్తే ఇదే మన పోర్టు. రాకపోతే బయటికి వచ్చి తర్వాతి నంబరు చూడండి. బయటికి రావడానికి కంట్రోల్ పట్టుకుని ఏ, ఆ వెంటనే కంట్రోల్ పట్టుకుని ఎక్స్.

మీరు కొట్టే అక్షరాలు తెర మీద కనపడకపోతే కంగారు పడకండి. ఏటీఈ1 అని కొట్టి ఎంటర్ చేస్తే కనపడటం మొదలవుతుంది.

ఇంకో చిక్కు ఉంది. డాంగిల్ తీసి మళ్ళీ గుచ్చితే పోర్టు నంబరు 0 కాస్తా 3 కావచ్చు. రాత్రి కరెంటు పోయి వచ్చాక మీ స్క్రిప్టు పాత నంబరు పట్టుకుని వెతుకుతూ ఉంటుంది. దీనికి మందు /డెవ్/సీరియల్/బై-ఐడీ/ అనే ఫోల్డర్. అందులో ప్రతి మోడెమ్ పోర్టుకూ మారని పొడవాటి పేరు ఉంటుంది. స్క్రిప్టుల్లో ఎప్పుడూ ఆ పేరే వాడండి.

5. పంపే ముందు మోడెమ్‌ను అడగాల్సిన ఐదు ప్రశ్నలు

ఈ మెట్టు దాటేయకండి. ముందుగా ఎర్రర్లు వివరంగా చెప్పమని అడగండి:

ఏటీ+సీఎంఈఈ=1

ఇప్పుడు ఒక్కొక్కటిగా.

మొదటి ప్రశ్న, సిమ్ సిద్ధంగా ఉందా?
ఏటీ+సీపిన్?
రెడీ అని రావాలి. సిమ్ పిన్ అని వస్తే లాక్ ఇంకా ఉంది. సిమ్‌ను ఫోన్లో వేసి లాక్ తీయండి.

రెండో ప్రశ్న, సిగ్నల్ ఎంత?
ఏటీ+సీఎస్‌క్యూ
జవాబులో మొదటి అంకె చూడండి. 0 నుంచి 31 దాకా ఉంటుంది, 99 అంటే తెలియడం లేదని. దాన్ని రెండింతలు చేసి 113లో నుంచి తీసేస్తే వచ్చేది మైనస్ డీబీఎంలలో సిగ్నల్ బలం. ఉదాహరణకు 10 వస్తే మైనస్ 93. నా అనుభవంలో 10 కంటే తక్కువైతే ఒకసారి పోతుంది, ఒకసారి పోదు. మా షెడ్డులో రేకుల కింద 6 వచ్చేది. ఎక్స్‌టెన్షన్ వైరుతో డాంగిల్‌ను కిటికీ దగ్గరికి తెచ్చాక 17 అయింది.

మూడో ప్రశ్న, నెట్‌వర్క్ ఒప్పుకుందా?
ఏటీ+సీఆర్‌ఈజీ?
రెండో అంకె ముఖ్యం. 1 అయితే సొంత నెట్‌వర్క్, 5 అయితే రోమింగ్, రెండూ మంచివే. 2 అంటే వెతుకుతోంది, ఒక నిమిషం ఆగండి. 3 అంటే నెట్‌వర్క్ తిరస్కరించింది. సిమ్ యాక్టివ్‌గా ఉందో లేదో చూడండి. 4జీ మోడెమ్ అయితే ఏటీ+సీఈఆర్‌ఈజీ? అని కూడా అడగండి.

నాలుగో ప్రశ్న, ఏ కంపెనీ?
ఏటీ+సీఓపీఎస్?
పేరు వస్తే చాలు.

ఐదో ప్రశ్న, మెసేజ్ సెంటర్ నంబరు ఉందా?
ఏటీ+సీఎస్‌సీఏ?
ప్రతి ఎస్‌ఎంఎస్ ముందు కంపెనీ మెసేజ్ సెంటర్‌కు వెళ్ళి, అక్కడి నుంచి అవతలి ఫోన్‌కు పోతుంది. ఆ సెంటర్ నంబరు సిమ్‌లో ఉంటుంది. జవాబు ఖాళీగా వస్తే మెసేజ్ పోదు. మీ కంపెనీ కస్టమర్ కేర్‌ను అడిగి మీ సర్కిల్ నంబరు తీసుకుని ఇలా పెట్టండి:
ఏటీ+సీఎస్‌సీఏ="+91సెంటర్-నంబరు"

ముందుకు వెళ్ళే ముందు:
- సీపిన్‌కు రెడీ వచ్చింది
- సీఎస్‌క్యూ 10 పైన, 99 కాదు
- సీఆర్‌ఈజీలో గానీ సీఈఆర్‌ఈజీలో గానీ 1 లేదా 5
- సెంటర్ నంబరు ఉంది

6. చేత్తో మొదటి మెసేజ్

మొదటిది ఇంగ్లిష్ మాటే పంపండి. తెలుగు తర్వాత. ఒకేసారి రెండు కొత్త విషయాలు పెట్టుకుంటే తప్పు ఎక్కడుందో తెలియదు.

టెక్స్ట్ మోడ్‌లోకి రండి:
ఏటీ+సీఎంజీఎఫ్=1

మామూలు అక్షరాల పద్ధతి పెట్టండి:
ఏటీ+సీఎస్‌సీఎస్="జీఎస్ఎం"
ఏటీ+సీఎస్‌ఎంపీ=17,167,0,0

ఇందులో 167 అంటే అవతలి ఫోను ఆఫ్‌లో ఉంటే సెంటర్ 24 గంటల పాటు మెసేజ్‌ను దాచి ప్రయత్నించమని. కరెంటు వచ్చిందన్న మెసేజ్ మర్నాడు చేరితే ఏం లాభం? ఇలాంటి వాటికి 11 పెట్టండి, గంటలో చేరకపోతే ఆ మెసేజ్ దానంతటదే రద్దవుతుంది.

ఇప్పుడు నంబరు:
ఏటీ+సీఎంజీఎస్="+91నంబరు"

ఎంటర్ నొక్కగానే > గుర్తు వస్తుంది. వచ్చేదాకా ఆగండి. వచ్చాక మాట టైప్ చేసి, ఎంటర్ కాకుండా కంట్రోల్ పట్టుకుని జడ్ నొక్కండి. వద్దనుకుంటే ఎస్కేప్.

ఎంటర్ నొక్కితే మెసేజ్‌లో కొత్త లైను వస్తుందే తప్ప పోదు. చాలామంది ఇక్కడ ఎంటర్ నొక్కి, ఏమీ జరగక, మళ్ళీ ఏటీ అని కొడతారు. ఆ ఏటీ కూడా మెసేజ్‌లో చేరిపోతుంది.

కొన్ని సెకన్లలో +సీఎంజీఎస్: అని ఒక అంకె, దాని కింద ఓకే వస్తాయి. దీని అర్థం సెంటర్ మెసేజ్‌ను తీసుకుందని మాత్రమే. అవతలి ఫోన్‌కు చేరిందని కాదు. చేరిందో లేదో తెలియాలంటే పైన సీఎస్‌ఎంపీలో 17 బదులు 49 పెట్టి డెలివరీ రిపోర్ట్ అడగాలి. అది మోడెమ్ మీదకు రావాలంటే ఏటీ+సీఎన్‌ఎంఐ=2,1,0,1,0 కూడా కావాలి. కొన్ని మోడెమ్‌లు ఈ అంకెల్ని ఒప్పుకోవు. ఏటీ+సీఎన్‌ఎంఐ=? అని అడిగితే అవి ఒప్పుకునేవి చెబుతాయి.

7. తెలుగు మెసేజ్

ఇక్కడ కాసేపు ఆగాలి. తెలుగు పంపలేక రోమన్ లిపిలో "కరెంటు వచ్చింది" అని పంపుతున్నవాళ్ళను చూశాను. మా నాన్నకు ఆ లిపి చదవడం రాదు. ఆయన కోసమే ఈ భాగం నేర్చుకున్నాను.

ముందు లెక్క. ఇంగ్లిష్ అక్షరాల మెసేజ్ ఒకదానిలో 160 పడతాయి. తెలుగుకు యూసీఎస్2 అనే పద్ధతి వాడాలి, అందులో 70 మాత్రమే. పొడవైతే ముక్కలవుతుంది. అప్పుడు ఒక్కో ముక్కలో ఇంగ్లిష్ 153, తెలుగు 67. ప్రతి ముక్కనూ ఒక మెసేజ్‌గా లెక్కిస్తారు.

ఈ 70 మన కంటికి కనిపించే అక్షరాలు కావు. గుణింతపు గుర్తు ఒకటి, పొల్లు ఒకటి, సున్న ఒకటి, ఇలా విడివిడిగా లెక్క. "స్త్రీ" చూడటానికి ఒకటే, లెక్కకు ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుర్తు. "మోటారుకు త్రీఫేజ్ కరెంటు వచ్చింది" అన్న వాక్యం ఖాళీలతో కలిపి కంటికి 16, లెక్కకు 33. కాబట్టి ఒక మెసేజ్‌లో అలాంటి వాక్యాలు రెండు పడతాయి, అంతే. "ఎస్‌ఎంఎస్" లాంటి మాటల్లో పొల్లు తర్వాత కనపడకుండా ఉండే జీరో విడ్త్ అక్షరం కూడా ఒక లెక్కే.

ఇంకో ఉచ్చు రూపాయి గుర్తు. ₹ ఇంగ్లిష్ మెసేజ్ పట్టికలో లేదు. మెసేజ్ అంతా ఇంగ్లిష్‌లో ఉండి ఒక్క ₹ ఉన్నా మొత్తం యూసీఎస్2 అయి, హద్దు 160 నుంచి 70కి పడిపోతుంది. వంకర కోట్ గుర్తులదీ ఇదే సంగతి.

చేత్తో తెలుగు పంపాలంటే మాటను హెక్స్ అంకెలుగా (0 నుంచి 9, ఏ నుంచి ఎఫ్ వాడి రాసే సంఖ్యలు) మార్చాలి. లైనక్స్ టెర్మినల్లో:

ప్రింట్ఎఫ్ 'నీరు' | ఐకాన్వ్ -ఎఫ్ యూటీఎఫ్-8 -టీ యూటీఎఫ్-16బీఈ | ఎక్స్‌ఎక్స్‌డీ -పీ

ఐకాన్వ్ అంటే ఐ, సీ, ఓ, ఎన్, వీ. ఎఫ్, టీ, పీ చిన్నవి, యూటీఎఫ్, బీఈ పెద్దవి. జవాబు 0సీ28 0సీ40 0సీ30 0సీ41 ఖాళీలు లేకుండా కలిసి వస్తుంది. న, దీర్ఘం, ర, కొమ్ము. చివర బీఈ మరచిపోతే ముందు అనవసరమైన గుర్తు ఒకటి చేరుతుంది. మాట పొడవైతే ఎక్స్‌ఎక్స్‌డీ దాన్ని రెండు మూడు లైన్లుగా విరుస్తుంది, వాటిని కలిపి ఒకే లైను చేయాలి.

తర్వాత మోడెమ్‌లో:
ఏటీ+సీఎంజీఎఫ్=1
ఏటీ+సీఎస్‌సీఎస్="యూసీఎస్2"
ఏటీ+సీఎస్‌ఎంపీ=17,167,0,8

చివరి 8 తెలుగుకు గుండెకాయ. 0 ఉంచేస్తే అవతలి ఫోన్లో పిచ్చి గుర్తులు పడతాయి.

ఇప్పుడు అందరూ తప్పే చోటు. యూసీఎస్2 పెట్టాక ఫోన్ నంబరు కూడా హెక్స్‌లోనే ఇవ్వాలి. ప్లస్ గుర్తుకు 002బీ, ప్రతి అంకెకూ ముందు 003 చేర్చాలి. అంటే +91 కాస్తా 002బీ00390031 అవుతుంది. ఆ తర్వాత సీఎంజీఎస్, > వచ్చాక తెలుగు హెక్స్, కంట్రోల్ జడ్.

పని అయ్యాక మళ్ళీ 6వ మెట్టులోని జీఎస్ఎం అమరిక పెట్టండి. లేకపోతే తర్వాత పంపే ఇంగ్లిష్ మెసేజ్ పాడవుతుంది.

మొబైల్ నెట్‌వర్కుల 3జీపీపీ ప్రమాణంలో తెలుగుకు తక్కువ చోటు పట్టే ప్రత్యేక పట్టిక కూడా ఉంది. కానీ పంపేవాళ్ళ మోడెమ్, అందుకునే ఫోను రెండూ దాన్ని అర్థం చేసుకోవాలి. నేను దాని జోలికి పోను. యూసీఎస్2 అయితే తెలుగు అక్షరాలున్న ఏ ఫోన్లోనైనా కనిపిస్తుంది.

8. రోజువారీ పనికి గామ్యు

చేత్తో ఒకసారి పంపాక ఇక హెక్స్‌తో పని లేదు. ఆ మార్పులన్నీ గామ్యు చేస్తుంది. ముక్కలు చేసి కలపడం కూడా దాని పనే.

హోమ్ ఫోల్డర్లో చుక్కతో మొదలయ్యే .గామ్యుఆర్‌సీ అనే ఫైలు తెరిచి ఈ మూడు లైన్లు రాయండి. ఫైలు పేరులో గామ్యుకు, ఆర్‌సీకి మధ్య యు ఒకటే, ఖాళీ లేదు. మోడెమ్ పేరు ఫోల్డర్లో ఉన్నది ఉన్నట్టే, మిగతావన్నీ చిన్న అక్షరాలే:

[గామ్యు]
డివైస్ = /డెవ్/సీరియల్/బై-ఐడీ/మీ-మోడెమ్-పేరు
కనెక్షన్ = ఏటీ

పికోకామ్ మూసేసి చూడండి:

గామ్యు ఐడెంటిఫై

మోడెమ్ తయారీదారు, మోడల్, ఐఎంఈఐ వస్తే అంతా బాగుంది. ఇప్పుడు మెసేజ్:

గామ్యు సెండ్‌ఎస్‌ఎంఎస్ టెక్స్ట్ +91నంబరు -యూనికోడ్ -ఆటోలెన్ 300 -టెక్స్ట్ "మోటారుకు త్రీఫేజ్ కరెంటు వచ్చింది"

మొదటి టెక్స్ట్ పెద్ద అక్షరాల్లో, రెండోది చిన్న అక్షరాల్లో. ఇంగ్లిష్ మెసేజ్‌కు -యూనికోడ్ తీసేయండి.

మోడెమ్‌మేనేజర్‌ను ఆపనివాళ్ళకు దాని సొంత కమాండ్ ఎంఎంసీఎల్‌ఐ ఉంది. ముందు ఎంఎంసీఎల్‌ఐ -ఎల్ అని, ఎల్ పెద్దది, కొట్టి మోడెమ్ సంఖ్య చూడండి. అది 0 అనుకుంటే:

ఎంఎంసీఎల్‌ఐ -ఎం 0 --మెసేజింగ్-క్రియేట్-ఎస్‌ఎంఎస్="టెక్స్ట్='నీళ్ళు వచ్చాయి',నంబర్='+91నంబరు'"

దీనికి జవాబుగా మెసేజ్ దారి, చివర దాని సంఖ్య వస్తాయి. అది 0 అయితే ఎంఎంసీఎల్‌ఐ -ఎస్ 0 --సెండ్. క్రియేట్ చేసి సెండ్ మరచిపోవడం ఇక్కడి మామూలు తప్పు. తెలుగు కోసం విడిగా ఏమీ చెప్పనక్కర్లేదు.

9. స్క్రిప్టులో, క్రాన్‌లో పెట్టేటప్పుడు

చేత్తో కొడితే పోయిన తెలుగు, క్రాన్ (కమాండ్లను అనుకున్న వేళకు తానే నడిపే లైనక్స్ ప్రోగ్రాం) నుంచి పంపితే ప్రశ్నార్థకాలుగా చేరుతుంది. ఇది నన్ను రెండు రోజులు తిప్పింది. కారణం, క్రాన్‌కు మీ భాషా అమరిక తెలియదు. స్క్రిప్టు మొదట్లోనే లాంగ్ (ఎల్, ఏ, ఎన్, జీ) అనే వేరియబుల్‌కు సీ.యూటీఎఫ్-8 అని ఇవ్వండి, అన్నీ పెద్ద అక్షరాలు. క్రాన్ వేరే యూజర్ పేరుతో నడుస్తుంటే .గామ్యుఆర్‌సీ కూడా దొరకదు. అప్పుడు -సీ అని రాసి ఫైలు పూర్తి దారి ఇవ్వండి.

రెండు స్క్రిప్టులు ఒకేసారి పోర్టు తెరిస్తే రెండూ చెడతాయి. ఒకటి రెండు మెసేజ్‌లకు, ఒక స్క్రిప్టు అయ్యేదాకా రెండోదాన్ని ఆపే ఎఫ్‌లాక్ కమాండ్ చాలు. రోజూ పంపేవాళ్ళు గామ్యు-ఎస్‌ఎంఎస్‌డీ వేసుకోండి. అది వరసలో పెట్టి ఒక్కొక్కటే పంపుతుంది. మెసేజ్‌ను వరసలో వేయడానికి గామ్యు-ఎస్‌ఎంఎస్‌డీ-ఇంజెక్ట్ అనే కమాండ్ వాడాలి. దాని తర్వాతి మాటలు సెండ్‌ఎస్‌ఎంఎస్‌లో లాగే ఉంటాయి. ఇది నడుస్తుండగా మామూలు గామ్యు సెండ్‌ఎస్‌ఎంఎస్ కొట్టకండి. పోర్టు దాని చేతిలో ఉంటుంది.

బయటి నుంచి వచ్చిన మాటను, ఎవరో నింపిన ఫారంలోదో, సెన్సర్ పంపిందో, కోట్ గుర్తులు లేకుండా షెల్ కమాండ్‌లో పెట్టకండి. ఆ మాటలో దాగిన కమాండ్ కూడా నడిచే ప్రమాదం ఉంది.

10. ఎర్రర్ అంకె, చేయాల్సిన పని

+సీఎంఎస్ ఎర్రర్ తర్వాత వచ్చే అంకె చూడండి.

310: సిమ్ లేదు. తీసి, తుడిచి, సరిగా పెట్టండి.
311: సిమ్ పిన్ అడుగుతోంది. 2వ మెట్టుకు వెళ్ళండి.
322: మెసేజ్‌ల చోటు నిండింది. ఏటీ+సీఎంజీడీ=1,4 కొడితే అన్నీ చెరిగిపోతాయి. కావలసినవి ముందే చూసుకోండి.
330: మెసేజ్ సెంటర్ నంబరు లేదు లేదా తప్పు.
331: నెట్‌వర్క్ లేదు. 332: నెట్‌వర్క్ సమయానికి పలకలేదు. రెండింటికీ సిగ్నల్ చూసి, నిమిషం ఆగి మళ్ళీ పంపండి.
305: టెక్స్ట్ మోడ్‌లో ఏదో తప్పు ఇచ్చారు. యూసీఎస్2లో ఉండి నంబరు మామూలుగా రాశారేమో చూడండి.
500: కారణం చెప్పని ఎర్రర్. రీఛార్జ్, ప్లాన్, సెంటర్ నంబరు, జియో సిమ్, ఈ వరసలో చూడండి.

అంకె ఏదీ రాకుండా మోడెమ్ మాయమై మళ్ళీ వస్తే అది కరెంటు సమస్య.

11. హద్దులు

మన ప్లాన్లలో ఎక్కువ వాటికి రోజుకు 100 ఎస్‌ఎంఎస్‌లు ఉంటాయి. దాటితే డబ్బు కట్ అవుతుంది లేదా మెసేజ్ ఆగుతుంది. మూడు ముక్కల తెలుగు మెసేజ్ పది మందికి పంపితే 30 అయినట్టు. స్క్రిప్టులో రోజు లెక్క ఒకటి పెట్టి, మీరు అనుకున్న హద్దు దాటగానే ఆగిపోయేలా రాయండి. సెన్సర్ చెడి నిమిషానికొక మెసేజ్ పంపితే సాయంత్రానికి సిమ్ ఖాళీ.

వ్యాపార మెసేజ్‌లకు ఈ పద్ధతి వాడకూడదు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 నియమాల ప్రకారం వ్యాపార సంస్థ తన పేరును, హెడర్‌ను (మెసేజ్ మీద కనిపించే పంపినవారి పేరు), మెసేజ్ నమూనాను టెలికాం కంపెనీల డీఎల్‌టీ వేదికలో నమోదు చేసుకుని పంపాలి. మామూలు పది అంకెల నంబరు నుంచి ప్రచార మెసేజ్‌లు పంపితే ఫిర్యాదుల మీద ఆ నంబరు కనెక్షన్ తీసేసే దాకా వెళ్ళవచ్చు. ఇంటివాళ్ళకు, అపార్ట్‌మెంట్‌లో అడిగినవాళ్ళకు, మీ సర్వర్ గురించి మీకు మీరే పంపుకోవడానికి మాత్రమే దీన్ని ఉంచండి.

12. వదిలి వచ్చే ముందు

మోడెమ్‌ను దూరంగా ఎక్కడో పెట్టి వచ్చేస్తుంటే ఇవి చేయండి:
- మెయిన్ స్విచ్ ఆపి, వేసి, మీరేమీ ముట్టుకోకుండా మెసేజ్ వస్తుందో లేదో చూడండి
- డాంగిల్ తీసి గుచ్చి మళ్ళీ పరీక్షించండి
- క్రాన్ నుంచే ఒక తెలుగు మెసేజ్ పంపి, అందుకునేవాళ్ళ ఫోన్లో చదివించండి
- రీఛార్జ్ గడువు తేదీకి మూడు రోజుల ముందు మీ ఫోన్లో అలారం పెట్టండి
- పొద్దున 6 గంటలకు "బాగానే ఉన్నాను" అని ఒక మెసేజ్ మీకు వచ్చేలా పెట్టండి. అది రాని రోజు వెళ్ళి చూడాలి